వార్ధక్యమున మూత్రమార్గపు ఇన్‌ఫెక్షన్

రాత్రి 2 గంటల వేళ. ఇంటిల్లిపాదియు నిద్రించుచున్నారు. 78 ఏండ్ల వృద్ధురాలు మంచము దిగి, చీకటిలో గోడ తడుముచు, ఎన్నడో గతించిన భర్తను పిలుచుచున్నది: "ఏమండీ, బండి వచ్చింది, బయలుదేరరా?" కోడలు దీపము వేసి, "అత్తయ్యా, ఎక్కడికి?" అని చేయి పట్టుకొనబోగా, ఆమె కోడలిని ఆనవాలు పట్టలేదు. నిన్నటి మధ్యాహ్నము వరకు మనుమరాలికి జడ వేసి, పాలవాని లెక్క రూపాయి తప్పకుండ అప్పగించిన మనిషి ఈమెయే.

తెల్లవారునప్పటికి ఇంటిలో రెండభిప్రాయములు బయలుదేరినవి. "వయస్సు మీద పడినది, మతి చలించినది, దీనికి మందేమున్నది?" అని కుమారుడు. "గాలి సోకినది, తాయెత్తు కట్టింపుడు" అని పొరుగింటి పెద్దమ్మ. కోడలికి మాత్రము మరియొక సంగతి జ్ఞప్తికి వచ్చినది. నాలుగు దినముల నుండి అత్తగారు పలుమారులు పెరటిలోనికి పోయి వచ్చుచుండెను. ఒకసారి ముఖము చిట్లించుట చూచి అడుగగా, "ఏం లేదమ్మా, కాస్త వేడి చేసింది" అని మజ్జిగ త్రాగి పరుండెను. కోడలు ఈ మాట వైద్యునితో చెప్పినది. వైద్యుడు జ్వరము, రక్తపోటు, నాడి, రక్తములోని చక్కెర, కాలుసేతుల బలము మొదలగునవన్నియు చూచి, మూత్రమును, రక్తమును పరీక్షకు పంపి, ఆమెను ఆసుపత్రిలో చేర్చుకొనెను. మూత్రకోశమున ఆరంభమైన దోషము మూత్రపిండము వరకు ప్రాకినదని తేలినది. చికిత్స ఆరంభించిన మూడవనాడు ఆమె కోడలిని పేరు పెట్టి పిలిచినది.

ఈ కథలో పేర్లు లేవు. ఇట్టి గృహము మన దేశమున ఏ యూరనైనను ఉండవచ్చును. 2011 జనాభా లెక్కల నాటికే 60 ఏండ్లు దాటినవారు మన దేశములో 10 కోట్లకు పైగా ఉండిరి. వారి సంఖ్య యేటేట పెరుగుచున్నది. వృద్ధులకు వచ్చు సూక్ష్మజీవుల వ్యాధులలో మూత్రమార్గపు ఇన్‌ఫెక్షన్ మిక్కిలి తరచుగా కనవచ్చునది. సకాలమున గుర్తించినచో సులభముగా కుదురును. ఉపేక్షించినచో ప్రాణముల మీదికి వచ్చును. లేని చోట ఉన్నదని భ్రమించి మందులు మ్రింగించినను హాని కలుగును. కావున ఈ విషయమును ప్రతి గృహమువారును కొంత వివరముగా తెలిసికొనుట మంచిది.

చెప్పుకొనుటకు సిగ్గుపడు బాధ

మన భాషలో ఈ బాధకు మాటలు లేకపోలేదు. ప్రాచీన వైద్య గ్రంథములు దీనిని మూత్రకృచ్ఛ్రమనినవి. మూత్రము బిగిసిపోవుటను పల్లెలలో నీరుకట్టు అందురు. ఒంటేలు, నీరుడు అను మాటలు తెలంగాణమునను రాయలసీమయందును ఇప్పటికిని వాడుకలో నున్నవి. అయినను వృద్ధులు, అందును స్త్రీలు, ఈ మాటలను కుమారుని యెదుట గాని వైద్యుని యెదుట గాని పలుకలేరు. "వేడి చేసింది" అను ఒక్క మాట చాటున సమస్తమును దాచుదురు. ఎండదెబ్బయు వేడియే, నోటిపూతయు వేడియే, మూత్రపు మంటయు వేడియే. ఆ మాట విన్న ఇంటివారు సబ్జాగింజలో, బార్లీనీళ్ళో ఇచ్చి ఊరకుందురు. నిజమే, ఎండకాలమున నీరు చాలక మూత్రము చిక్కబడినపుడు కూడ మంట కలుగవచ్చును; అది నీరు త్రాగిన పూటకో, మరునాటికో తగ్గును. తగ్గని మంట వేరు. అది సూక్ష్మజీవులు పెట్టిన మంట కావచ్చును.

ఇన్‌ఫెక్షన్ అను మాట విని, ఇది ఇంటిలో ఒకరినుండి మరియొకరికి సోకునేమో యని కొందరు భయపడుదురు. ఆ భయమునకు కారణము లేదు. రోగికి వేరు కంచము, వేరు చెంబు ఏర్పాటు చేయనక్కరలేదు. మూత్రపు బట్టలను, బెడ్‌పానును ముట్టినవారు చేతులను సబ్బుతో కడుగుకొనిన చాలును.

మూత్రము నడచు త్రోవ

నడుము పైభాగమున, వెన్నెముకకు ఇరుప్రక్కల, చిక్కుడుగింజ ఆకారమున మూత్రపిండములు రెండు కలవు. అవి దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవమును రక్తము నుండి వడగట్టి, శరీరమునకు కావలసిన దానిని తిరిగి రక్తములోనికి పంపి, 1 నుండి 2 లీటర్లను మాత్రము మూత్రముగా విడుచును. ఈ మూత్రము రెండు సన్నని నాళముల గుండ మూత్రకోశమునకు చేరును. మూత్రకోశము కండరముతో నిర్మితమైన సంచి. సుమారు 400 నుండి 500 మిల్లీలీటర్లు పట్టును. అచ్చటినుండి మూత్రము బహిర్నాళము గుండ వెలుపలికి పోవును. ఈ బహిర్నాళము పురుషులకు సుమారు 20 సెంటీమీటర్ల పొడవుండగా, స్త్రీలకు 4 సెంటీమీటర్లు మాత్రమే. స్త్రీలకు ఈ వ్యాధి ఎక్కువగా వచ్చుటకు ముఖ్యకారణము ఇదియే.

వ్యాధిని కలిగించు సూక్ష్మజీవులు సాధారణముగ వెలుపలి నుండి వచ్చినవి కావు. మన ప్రేగులలో నివసించునవే. వానిలో ముఖ్యమైనది ఎషెరీషియా కోలై. 1885లో థియొడోర్ ఎషెరిక్ అను శిశువైద్యుడు దీనిని మొదట వర్ణించెను. ప్రేగులో ఉన్నంతవరకు అది మనకు చుట్టము. బహిర్నాళము గుండ మూత్రకోశమునకు ఎగబ్రాకినచో శత్రువు. అనుకూలమైన చోట ఈ జీవి సుమారు 20 నిమిషముల కొకమారు రెండుగా చీలి పెరుగగలదు. మనలను కాపాడుచున్నది మూత్రప్రవాహమే. ప్రతిమారును మూత్రకోశము పూర్తిగా ఖాళీ అగునపుడు, పైకి ప్రాకిన జీవులు చాలవరకు కొట్టుకొనిపోవును. మూత్రము నిలువ ఉన్న చోట అవి గుంటనీటిలో దోమపిల్లల వలె పెరుగును. కొన్ని జీవులు నాళముల గుండ పైకి పోయి మూత్రపిండములను, అచ్చటినుండి రక్తమును చేరును. అప్పుడే ప్రాణభయము.

వృద్ధులకు ఎందులకు ఎక్కువ?

వయస్సుతో వచ్చు మార్పులలో అనేకములు ఈ వ్యాధికి ద్వారములు తెరచును.

స్త్రీలకు ముట్లుడిగిన పిమ్మట ఈస్ట్రోజెన్ అను హార్మోను తగ్గును. దానితో యోనిలోపలి పొర పలుచబడి, అచ్చట కాపలా యుండి ఆమ్లమును పుట్టించు లాక్టోబాసిల్లస్ అను మేలు చేయు జీవులు క్షీణించును. ఆ చోటును ప్రేగులలోని జీవులు ఆక్రమించును.

పురుషులకు ప్రోస్టేటు గ్రంథి పెరుగును. ఇది మూత్రకోశము క్రింద బహిర్నాళము చుట్టును ఉండు గ్రంథి. పెరిగినపుడు అది నాళమును నొక్కి, మూత్రకోశము పూర్తిగా ఖాళీ కాకుండ చేయును. రాత్రి పలుమారులు లేచుట, ధార సన్నగిల్లుట, ముగించిన పిదప ఇంకను మిగిలియున్నదని తోచుట దీని గుర్తులు. ఇట్టి వారు జలుబునకని దుకాణములో కొని మ్రింగు కొన్ని మాత్రలు మూత్రమును బొత్తిగా బిగించివేయగలవు.

మధుమేహము శరీరపు రక్షణశక్తిని తగ్గించును. దీర్ఘకాలమైనచో మూత్రకోశపు నరములను కూడ మొద్దుబార్చును. పక్షవాతము, పార్కిన్‌సన్ వ్యాధి గలవారికిని మూత్రకోశము సరిగా ముడుచుకొనదు. మూత్రపిండములలోని రాళ్ళు సూక్ష్మజీవులకు గూళ్ళ వంటివి. మలబద్ధకము కూడ మూత్రకోశమును నొక్కి అడ్డుపడును.

వీనికి తోడు, మన గృహములలో వైద్య గ్రంథములు పెద్దగా చెప్పని కారణ మొకటి కలదు. మోకాళ్ళ నొప్పులచేత క్రింద కూర్చుండలేని వృద్ధురాలు మరుగుదొడ్డికి పోవు పని తగ్గించుకొనుటకు నీరు త్రాగుట మానును. దొడ్డి పెరటి చివర నున్నది, దారిలో మెట్లున్నవి, దీపము లేదు. పడుదునేమోయని సాయంకాలము 5 గంటల నుండియే మంచినీళ్ళు ముట్టదు. బస్సు ప్రయాణమునందును, పెండ్లివారింటను పూటలు పూటలు బిగబట్టుకొనును. వయస్సుతో దాహము కూడ మందగించును గనుక, నీరు తక్కువైనదని ఆమెకే తెలియదు.

గుర్తులు

మూత్రకోశమునకు మాత్రమే పరిమితమైన దోషమునకు ఈ గుర్తులుండును: మూత్రము పోయునపుడు మంట లేక నొప్పి, మాటిమాటికి పోవలెననిపించుట, పోయినను కొద్దిగా మాత్రమే వచ్చుట, ఆపుకొనలేకపోవుట, లేదా అంతకుముందున్న ఆ అవస్థ హఠాత్తుగా అధికమగుట, పొత్తికడుపున నొప్పి, మూత్రమున రక్తము. వీనిలో క్రొత్తగా ఆరంభమైన మంట మిక్కిలి విలువైన గుర్తు.

దోషము మూత్రపిండమునకు ప్రాకినచో చలి, వణకుతో జ్వరము, ప్రక్కటెముకల క్రింద వెనుకప్రక్క నొప్పి, వాంతులు కలుగును. అయితే వృద్ధులకు జ్వరము అధికముగ రాకపోవచ్చును. యువకునకు 103 డిగ్రీలు వచ్చు చోట వృద్ధునకు 100 డిగ్రీలే ఉండవచ్చును. ఎల్లప్పుడును ఉండు వేడి కంటె 2 డిగ్రీలు పెరిగినను జ్వరముగనే యెంచవలెను.

మూత్రము వాసన వచ్చుట, మడ్డిగ నుండుట మాత్రమే ఇన్‌ఫెక్షన్‌కు నిదర్శనములు కావు. నీరు తక్కువ త్రాగుట, కొన్ని ఆహారములు, కొన్ని ఔషధములు కూడ వాసనను రంగును మార్చును. ఇతర బాధ లేనపుడు మొదట నీరు త్రాగించి చూడవలెను.

హఠాత్తుగా మతి తప్పుట

ఇది శ్రద్ధతో చదువవలసిన భాగము. తీవ్రమైన వ్యాధి యేది వచ్చినను, వృద్ధుల మెదడు తాత్కాలికముగా తబ్బిబ్బు పడవచ్చును. దీనిని వైద్యులు డెలిరియం అందురు. ఇది మతిమరుపు వ్యాధి కాదు. మతిమరుపు నెలల తరబడి, ఏండ్ల తరబడి మెల్లగా వచ్చును. డెలిరియము గంటలలో, ఒకటి రెండు దినములలో వచ్చును. ఉదయము కొంత తేరుకొనినట్లుండి రాత్రి అధికమగును. కొందరు కేకలు వేయుదురు, లేనివారితో మాటలాడుదురు. మరికొందరు ఇందుకు విరుద్ధముగ మంచము పట్టి, పిలిచినను పలుకక, అన్నము ముట్టక, మత్తుగా పడియుందురు. రెండవ విధమువారిని "నిద్రపోనిండు" అని వదలివేయుట కలదు. అది మరింత ప్రమాదము.

కావున హఠాత్తుగా మతి తప్పుటను వార్ధక్యమని గాని, గాలియని గాని సరిపెట్టుకొనరాదు. అది శరీరము చేయు హెచ్చరిక. ఆ దినమే వైద్యునికి చూపవలెను.

అయితే ఇందుకు రెండవ ప్రక్క కూడ కలదు. మతి తప్పిన ప్రతి వృద్ధునకును మూత్రపు ఇన్‌ఫెక్షనే యని తలచుట కూడ పొరపాటు. న్యుమోనియా, శరీరమున నీరు లేక సోడియము తగ్గుట, చక్కెర పడిపోవుట, క్రొత్తగా ఆరంభించిన నిద్రమాత్ర, మూత్రము బిగిసిపోవుట, తలకు తగిలిన దెబ్బ, పక్షవాతము — వీనిలో ఏదైనను కారణము కావచ్చును. మూతి ఒక ప్రక్కకు తిరుగుట, ఒక చేయి పడిపోవుట, మాట ముద్దగా వచ్చుట కనబడినచో అది పక్షవాతము; ఒక్క నిమిషమైనను జాగు చేయరాదు. మూత్రపరీక్షలో సూక్ష్మజీవులు కనబడినవని తృప్తిపడి అసలు వ్యాధిని విడిచిపెట్టిన సందర్భములు వైద్యులకు తెలియనివి కావు.

జీవులున్నను వ్యాధి లేని స్థితి

వృద్ధుల మూత్రమున ఎట్టి బాధయు లేకుండగనే సూక్ష్మజీవులు ఉండుట సామాన్యము. 70 ఏండ్లు దాటిన స్త్రీలలో నూటికి 10 మందికి పైగా ఇట్లుండును. వృద్ధాశ్రమములలో దీర్ఘకాలము నివసించు స్త్రీలలో నూటికి 25 నుండి 50 మంది వరకును ఇట్లుండునని పాశ్చాత్య దేశముల పరిశీలనలు తెలిపినవి. వీరికి మందు లీయగా మేలు కలుగలేదు. జీవులు కొన్నాళ్ళకు మరల చేరినవి, అదియును మందునకు లొంగని జీవులు. అందుచేత బాధ లేనివారికి మూత్రపరీక్ష చేయించి, కాగితముపై జీవుల పేరు చూచి చికిత్స చేయింపరాదని నేటి వైద్యశాస్త్రము చెప్పుచున్నది. మూత్రమార్గమున రక్తము వచ్చునట్టి శస్త్రచికిత్సకు ముందు మాత్రము వైద్యులు ఈ నియమమును సడలింతురు.

పరీక్ష

మూత్రమును చూచుటకు రెండు ముఖ్యమైన పరీక్షలు కలవు. మొదటిది సాధారణ పరీక్ష. అందు చీముకణములు, రక్తకణములు ఉన్నవా యని చూతురు. రెండవది కల్చరు, అందు మూత్రమును పోషక పదార్థముపై ఉంచి, జీవులను పెంచి, అవి యేవి, యే ఔషధమునకు లొంగునవి అని నిర్ణయింతురు. దీనికి 2, 3 దినములు పట్టును. వృద్ధులకు, మాటిమాటికి వ్యాధి వచ్చువారికి, పురుషులకు ఈ రెండవ పరీక్ష మిక్కిలి అవసరము.

పరీక్ష ఫలితము నమూనా తీయు విధముపై ఆధారపడును. మొదట మర్మస్థానమును నీటితో శుభ్రము చేసికొని, మొదటి ధారను విడిచి, నడిమి ధారను ప్రయోగశాల వారిచ్చిన శుభ్రమైన సీసాలో పట్టవలెను. ఇంటిలోని మందుసీసా, కాఫీసీసా పనికిరావు. పట్టిన 2 గంటలలో ప్రయోగశాలకు చేర్చవలెను. కల్చరుకు నమూనాను మొదటి మాత్ర మ్రింగుటకు ముందే ఈయవలెను. రెండు మాత్రలు మ్రింగిన పిదప ఇచ్చిన నమూనాలో జీవులు దాగిపోయి, వైద్యునికి దారి తోచదు.

చికిత్స, ఔషధముల మర్యాద

సూక్ష్మజీవులను చంపు ఔషధములను యాంటీబయోటిక్కులు అందురు. వీని చరిత్రలో తెలుగువారి పేరు ఒకటి చేరియున్నది. 1895లో భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయమునకు నాయకత్వము వహించుచుండగా, అచ్చట బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్ అను ఔషధమును కనుగొనెను. 1948లో అది లోకమునకు వెల్లడియైనది. టెట్రాసైక్లిన్ వర్గపు ఔషధములలో అది మొదటిది. అంతకు మూడేండ్ల పూర్వమే, 1945లో, పెనిసిలిన్‌ను కనుగొనిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ తన నోబెల్ ఉపన్యాసమున ఒక హెచ్చరిక చేసెను: చాలీచాలని మోతాదులో మందు వాడినచో జీవులు చావక, ఆ మందునకు అలవాటుపడునని.

ఆ హెచ్చరిక మన కాలమున నిజమైనది. మన దేశపు పెద్ద ఆసుపత్రులలో భారత వైద్య పరిశోధన మండలి జరుపు పరిశీలనలలో, ఎషెరీషియా కోలై జీవులలో ఎక్కువ భాగము సిప్రోఫ్లాక్సాసిన్ వంటి మందులకును, మూడవ తరపు సెఫలోస్పోరిన్ మందులకును లొంగుట లేదని తేలినది. ఒకప్పుడు మాత్రలతో కుదిరిన వ్యాధికి నేడు ఆసుపత్రిలో సూదిమందు అవసరమగుచున్నది. అదృష్టవశమున, మూత్రకోశపు దోషమునకు నైట్రోఫ్యురాంటాయిన్, ఫాస్ఫోమైసిన్ అను పాత ఔషధములు ఇప్పటికిని చాలవరకు పనిచేయుచున్నవి. అయితే మూత్రపిండముల శక్తి బాగుగా తగ్గినవారికి నైట్రోఫ్యురాంటాయిన్ తగదు. సిప్రోఫ్లాక్సాసిన్ వర్గపు మందులు వృద్ధులకు స్నాయువులు తెగుట, మతి చలించుట, చక్కెర హెచ్చుతగ్గులు కలిగింపవచ్చును. కావున ఏ మందు, ఎంత మోతాదు, ఎన్ని దినములు అనునది వైద్యుడే నిర్ణయింపవలెను.

దుకాణదారుని అడిగి రెండు మాత్రలు కొనుట, పొరుగువారి మిగిలిన మాత్రలు వాడుట, నిరుడు వ్రాసిన చీటీతో ఈయేడు మందు కొనుట — ఈ మూడును మానవలెను. మంట తగ్గెను గదా యని నడుమ ఆపివేయుటయు, మంచిదే గదా యని వైద్యుడు చెప్పినదానికంటె ఎక్కువ దినములు మ్రింగుటయు కూడ తప్పే. మందు అట్టపై నిలువుగా ఎఱ్ఱని గీత యున్నచో అది వైద్యుని చీటీ లేక కొనరాని మందు. ఈ గీతను ప్రజలు గుర్తించునట్లు 2016లో ఆరోగ్య మంత్రిత్వ శాఖ ప్రచారము ప్రారంభించినది. 2014 నుండి కొన్ని ప్రబలమైన యాంటీబయోటిక్కులు అమ్మునపుడు వైద్యుని పేరును, రోగి పేరును దుకాణదారుడు ప్రత్యేక పుస్తకమున వ్రాయవలెనను నిబంధన అమలులో నున్నది.

ఇంటి చిట్కాల సంగతి యేమి? బార్లీనీళ్ళు, పలుచని మజ్జిగ, కొబ్బరినీళ్ళు శరీరమునకు నీరు చేర్చును; ఆ మేరకు మంచివే. అవి సూక్ష్మజీవులను చంపవు. మూత్రపిండముల వ్యాధి గలవారికి కొబ్బరినీటిలోని పొటాషియము హాని చేయవచ్చును. మంట తగ్గుటకు దుకాణములలో అమ్ము సిరపులు కూడ వ్యాధికి మందులు కావు. వానిని త్రాగుచు దినములు గడుపరాదు.

గొట్టము పెట్టిన రోగులు

మూత్రము బిగిసినవారికి, శస్త్రచికిత్స జరిగినవారికి మూత్రకోశములోనికి రబ్బరు గొట్టము పెట్టుదురు. దీనిని కాథిటర్ అందురు. ఇది అవసరమైనపుడు ప్రాణరక్షకము. కాని ఇది సూక్ష్మజీవులకు నిచ్చెన వంటిది కూడ. గొట్టము ఉన్న ప్రతి దినమును నూటికి 3 నుండి 7 మంది మూత్రమున క్రొత్తగా జీవులు చేరును. నెల గడచునప్పటికి దాదాపు అందరికిని చేరును. కావున పక్క తడుపకుండుటకు, ఇంటివారి సౌకర్యమునకు గొట్టము పెట్టింపరాదు. "ఇంకను అవసరమా?" అని ప్రతిదినము వైద్యుని అడుగుట రోగి బంధువుల హక్కు. గొట్టము ఉన్నంతకాలము సంచి ఎల్లప్పుడును మూత్రకోశము కంటె క్రిందుగా ఉండవలెను, నేలను తాకరాదు, గొట్టము మెలిపడరాదు, ముట్టుటకు ముందును తరువాతను చేతులు కడుగవలెను. సంచిని గొట్టము నుండి మాటిమాటికి విడదీయరాదు.

వ్యాధి రాకుండ జాగ్రత్తలు

1. పగటిపూట కొద్దికొద్దిగా నీరు త్రాగింపుడు. మూత్రము లేత పసుపు రంగున ఉన్నచో నీరు చాలినదని గుర్తు. గుండెజబ్బు, మూత్రపిండముల జబ్బు గలవారు వైద్యుడు చెప్పిన కొలతనే పాటింపవలెను. రాత్రి లేచుట కష్టమైనవారికి ఉదయము, మధ్యాహ్నము ఎక్కువగ ఇచ్చి, పరుండుటకు 2 గంటల ముందు తగ్గింపవచ్చును.

2. మూత్రమును బిగబట్టరాదు. మేలుకొని యున్నపుడు 3, 4 గంటల కొకమారు పోవుట అలవాటు చేయుడు. తొందరపడక పూర్తిగా పోయవలెను. ప్రోస్టేటు పెరిగిన పురుషులు కూర్చుండి పోయుట, ఒక నిమిషము ఆగి మరల ప్రయత్నించుట మేలు.

3. మలవిసర్జన పిదప ముందునుండి వెనుకకు కడుగుకొనవలెను. వెనుకనుండి ముందునకు కాదు. మంచము పట్టినవారిని శుభ్రపరచువారును ఇదే పద్ధతి పాటింపవలెను. లోపల సబ్బు, డెట్టాలు వంటి ద్రవములు వాడరాదు.

4. లోపలి బట్టలు నూలువి, వదులువి కావలెను. డయపరు వాడువారికి తడిసిన వెంటనే మార్చవలెను.

5. మలబద్ధకమునకు తావీయరాదు. ఆకుకూరలు, పండ్లు, పప్పులు, చేతనైనంత నడక ఇందుకు సహాయపడును.

6. మధుమేహము గలవారు చక్కెరను అదుపులో ఉంచుకొనవలెను.

7. ముట్లుడిగిన స్త్రీలకు వ్యాధి మాటిమాటికి వచ్చుచున్నచో, యోనియందు పూయు ఈస్ట్రోజెన్ క్రీము చాల సహాయపడును. ఈ విషయమును స్త్రీ వైద్యురాలితో సంకోచింపక మాటలాడవచ్చును. 6 నెలలలో 2 సార్లు గాని, ఏడాదిలో 3 సార్లు గాని వచ్చినచో కారణమును వెదకు పరీక్షలు చేయింపవలెను.

8. మరుగుదొడ్డికి పోవు దారిలో దీపము, గోడకు పట్టుకొను కమ్మీ, జారని నేల ఏర్పాటు చేయుడు. క్రింద కూర్చుండలేనివారికి కుర్చీ వంటి కమోడు అమర్చుడు. దూరము పోలేనివారికి రాత్రివేళ మంచము ప్రక్కన పాత్ర ఉంచుడు.

ఆలస్యము కూడని వేళలు

చలి వణకుతో జ్వరము, వాంతులచేత నీరు కూడ నిలువకుండుట, హఠాత్తుగా మతి తప్పుట లేక మత్తు, ఊపిరి వేగముగ ఆడుట, కాలుసేతులు చల్లబడుట, అరదినము నుండి మూత్రమే రాకుండుట, కడుపు ఉబ్బి మూత్రము బిగిసిపోవుట — వీనిలో ఏది కనబడినను మరునాటికి వాయిదా వేయక ఆసుపత్రికి తీసికొనిపోవలెను. దోషము రక్తమున చేరినపుడు గంటలు కూడ విలువైనవి. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఆరంభమై, పిదప అనేక రాష్ట్రములకు వ్యాపించిన 108 అంబులెన్సు సేవను పిలువవచ్చును.

మూత్రమున రక్తము కనబడి, చికిత్స పిదప కూడ మిగిలియున్నను, నొప్పి లేకుండ రక్తము వచ్చినను, రాళ్ళు, కంతులు మొదలగు ఇతర కారణములను తప్పక వెదకింపవలెను.

వృద్ధుల ఆరోగ్యమునకై 2010-11లో జాతీయ వృద్ధుల ఆరోగ్య సంరక్షణ కార్యక్రమము ఆరంభమైనది. దీని క్రింద జిల్లా ఆసుపత్రులలో వృద్ధులకు ప్రత్యేక వైద్య విభాగములు ఏర్పరచబడినవి. 2024 అక్టోబరు నుండి 70 ఏండ్లు నిండినవారందరికిని, ఆదాయముతో నిమిత్తము లేకుండ, ఆయుష్మాన్ భారత్ పథకము క్రింద ఏటా కుటుంబమునకు 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి చికిత్స విస్తరింపబడినది. కార్డును ముందుగనే చేయించుకొని యుంచుకొనుట మంచిది. రోగము వచ్చిన రాత్రి కాగితములు వెదకుకొను అవస్థ తప్పును.

ముగింపు

ఆ వృద్ధురాలు కోలుకొని ఇంటికి వచ్చినది. కోడలు ఒకనాడు జడ దువ్వుచు, "అత్తయ్యా, నాలుగు రోజులూ ఎందుకు చెప్పలేదు?" అని అడిగినది. "ఇది చెప్పుకునే బాధా అమ్మా? చెబితే మటుకు, రాత్రిపూట మిమ్మల్నందర్నీ లేపి ఆ మెట్లు ఎక్కడ దిగను? నీళ్ళు మానేస్తే సరిపోతుందనుకున్నాను" అని ఆమె బదులు చెప్పెను. కుమారుడు ప్రక్కగదిలో ఈ మాట వినెను. ఆ వారమే పెరటి దారిలో ఒక దీపము వెలిగినది, మెట్ల ప్రక్క ఇనుపకమ్మీ లేచినది. ఆసుపత్రికి అయిన ఖర్చుతో పోల్చిన, ఆ ఖర్చు లెక్కలోనిది కాదు.

మన యింటి పెద్దలు తమంత తాము ఈ మాట యెత్తరు. కావున ఇంటివారే ఎత్తవలెను. "నీళ్ళు త్రాగితివా? మంటగా నున్నదా? రాత్రి లేచుట కష్టముగ నున్నదా?" అని వారానికొకమారైనను, నలుగురి యెదుట కాక, ఒంటరిగా నున్నపుడు మెల్లగా అడుగుడు. అడిగినవారు కోడలో, కుమార్తెయో, మనుమరాలో అయినచో పెద్దమ్మలు తప్పక చెప్పుదురు. తాతలకు కుమారుడో, మనుమడో అడుగవలెను. చెప్పిన మాటను వైద్యుని వరకు చేర్చుడు.